పక్కింట్లో మా మాట

మా తాండా టౌనుకు బయట ఉండేది. బస్సు దిగి, తుమ్మచెట్ల మధ్య కాలిబాట పట్టి, నాపరాళ్ళ గుట్ట చుట్టి వస్తే గానీ మా ఇళ్ళు కనపడేవి కావు. నేను హైస్కూలుకు నడిచి వెళ్ళే రోజుల్లో ఆ బాటలో ఎదురయ్యేవాళ్ళంతా మావాళ్ళే. ఎవరు ఎదురైనా మా భాషలోనే పలకరింపు. బయటివాళ్ళు దాన్ని లంబాడి అంటారు. మేము గోర్ బోలి అంటాం. దానికి సొంత లిపి లేదు. ఇంట్లో, చేలో, మిరపకోతకు పోయే ట్రాక్టర్‌లో మాట్లాడుకుంటేనే ఉంటుంది, లేకపోతే లేదు.

బైపాస్ రోడ్డు పడ్డాక టౌను మా వైపు పెరగడం మొదలుపెట్టింది. కంది చేలల్లో తెల్లసున్నం గీతలు, హద్దురాళ్ళు, రంగురంగుల జెండాలు, పెద్ద పెద్ద ఆర్చీలు వచ్చాయి. ఆ ఆర్చీల వెనక ఇళ్ళు మాత్రం చాలాకాలం రాలేదు. స్థలాలు కొన్నవాళ్ళు గుంటూరులోనో హైదరాబాదులోనో ఉండేవాళ్ళు. ధర పెరిగితే అమ్ముకుందామని కొని పెట్టుకున్నారు. మా వాళ్ళ పొలాలు కొన్ని అలాగే పోయాయి. అమ్మిన డబ్బుతో ఒకళ్ళిద్దరు ట్రాక్టర్లు కొన్నారు, కొందరు అప్పులు తీర్చుకున్నారు. ఆ తర్వాత తాండా చుట్టుపక్కల సెంటు స్థలం కొనే స్తోమత తాండాలో ఎవరికీ లేకుండా పోయింది.

ఈ విషయం నాకు అందరికన్నా బాగా తెలియాలి. నేను పనిచేసేది మా పురపాలక కార్యాలయంలో, టౌన్ ప్లానింగ్ విభాగంలో. ట్రేసర్‌గా చేరాను. అంటే పటం మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీతలను పైన మళ్ళీ గీసే పని. ఇప్పుడా పని కంప్యూటర్లు చేస్తున్నాయి. నేను అదే కుర్చీలో కూర్చుని కొలతలు సరిచూస్తున్నాను, సర్వేకు వెళ్ళేవాళ్ళ వెంట వెళ్తున్నాను. మా టౌను పేరు చెప్పను. కారంపూడి దగ్గరైనా వెల్దుర్తి దగ్గరైనా కథ ఇంతకన్నా వేరుగా ఉండేది కాదు.

మా అన్నది తాండాలో రెండు గదుల ఇల్లు. గోడలు నాపరాళ్ళు, పైన రేకులు. అప్పట్లో అందులో అన్న, వదిన, పెద్ద మేనల్లుడు, అతని భార్య, వాళ్ళ చంటి పిల్లవాడు, పెళ్ళి కావలసిన చిన్న మేనల్లుడు. వానాకాలం అందరూ లోపల పడుకుంటే కాలు చాపుకునే చోటుండదు. తాండాలో చాలా ఇళ్ళు ఇంతే. పెళ్ళయిన ప్రతి జంటా వేరే ఇల్లు కావాలని చూస్తుంది, చుట్టూ చూస్తే ఆర్చీలు.

మొదటిసారి ప్రభుత్వం ఇళ్ళ స్థలాలు ఇచ్చినప్పుడు మా తాండా నుంచి కొన్ని కుటుంబాలకు టౌనుకు అవతలి చివర పట్టాలు వచ్చాయి. మా వాళ్ళు సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. లాటరీలో ఎవరి స్థలం ఎక్కడ పడితే అక్కడ కట్టుకున్నారు. ఒకరిది మొదటి వీధి, మరొకరిది ఆఖరి వీధి. ఇల్లు దొరకడమే గొప్పగా ఉన్నప్పుడు పక్కన ఎవరున్నారని ఎవరు చూస్తారు?

ఆ కాలనీకి వెళ్ళినవాళ్ళలో నా చిన్ననాటి స్నేహితురాలి కుటుంబం ఒకటి. వాళ్ళత్త చాలా పెద్దావిడ. కూరగాయల బేరానికి సరిపోయేంత తెలుగు తప్ప ఆవిడకు రాదు. నేను పొద్దున ఆఫీసుకు వెళ్ళే షేర్ ఆటోలో ఆవిడ తరచూ కనిపించేది. చేతిలో చిన్న టిఫిన్ డబ్బా ఉండేది. ఒకరోజు పక్కన కూర్చుని అడిగాను, తాండాలో పనేమైనా ఉందా అని.

"పనేముంటుంది నాకు? మాట్లాడుకోడానికి పోతన్నా" అంది మా భాషలో. "ఆడ కోడలు కూలికి పోయిద్ది, పిల్లలు బడికి పోతారు. వచ్చినాక వాళ్ళు వాళ్ళు తెలుగే. పక్కింటామె మంచిదే, కూరలు కూడా పెడుద్ది. నేనేం చెప్పినా నవ్వుద్ది. ఎన్నాళ్ళని నవ్వించను?"

ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు, మేమేదో కొట్లాడుకుంటున్నామేమో అని. ఆవిడ గొంతు అంత పెద్దది. తాండా దగ్గర దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ ఆటోలో తిరిగి వెళ్ళేది. మరుసటి ఎండాకాలం ఆవిడ పోయింది. నా స్నేహితురాలి పిల్లలు నానమ్మ కోసం బాగా ఏడ్చారు. తాండా ఆడవాళ్ళు వచ్చి మా పద్ధతిలో శోకాలు తీస్తుంటే ఆ పిల్లలు, "ఏమంటన్నారమ్మా?" అని తల్లిని అడుగుతున్నారు. వాళ్ళనేమీ అనలేం. మా అమ్మాయికి కూడా మా భాష అర్థమవుతుంది, జవాబు తెలుగులో చెబుతుంది. మేమూ టౌనులో కిరాయికి ఉంటున్నవాళ్ళమే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఆఫీసులో కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారైంది. ఊరు ఎటు పెరగాలి, ఎక్కడ ఇళ్ళు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ రోడ్లు అని చూపించే పటం అది. మా తాండా చుట్టూ ఉన్న చేలన్నీ ఇళ్ళకని పసుపు రంగులో ఉన్నాయి. తాండా వెనక వాగు ఒడ్డున ఉన్న ప్రభుత్వ భూమి మాత్రం ఆకుపచ్చగా, అంటే ఇళ్ళు కట్టకుండా వదిలెయ్యాలని ఉంది. పేదల కోసం ఇంకో లేఅవుట్ వేస్తున్నారు, ఈసారి గుట్ట కింద. మా పెద్ద మేనల్లుడితో పాటు తాండాలో పెళ్ళయిన జంటలు చాలామంది దానికి దరఖాస్తు పెట్టుకున్నారు.

మా అధికారి చిలకలూరిపేట వైపు మనిషి. పని తెలిసినవాడు, కోపం తక్కువ. భోజనాల వేళ ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళి పటం మీద ఆకుపచ్చ ముక్క చూపించాను.

"ఇది తాండా పిల్లలకి ఇళ్ళ స్థలాలుగా చూపించొచ్చు గదా సార్?"

"వాగు పక్కనమ్మా అది. నీళ్ళొస్తే ఎవరు జవాబు చెప్తారు? నువ్వా, నేనా?"

ఆయన చెప్పింది నిజమే. మా చిన్నప్పుడు ఆ వాగు పొంగి మేకల్ని ఈడ్చుకుపోవడం నేను చూశాను. అందుకని ఇంకోటి అడిగాను.

"అయితే కొత్త లేఅవుట్‌లో తాండా వాళ్ళందరికీ ఒకే వరసలో ఇవ్వండి సార్."

"ఎందుకు?"

"విడివిడిగా పడితే వాళ్ళ భాష పోతంది."

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "నువ్వు చెప్పేది అబద్ధం అనట్లేదు. ఏ రూలు కింద రాయమంటావు, చెప్పు. రోడ్డు ఎంత వెడల్పుండాలో రూలుంది. పార్కుకి ఎంత వదలాలో ఉంది. పక్కింటోళ్ళు ఏ భాష మాట్లాడాలో యాడా లేదు. పైగా ఒక కులానికి ఒక వీధి ఇచ్చామని రేపు పేపర్లో వస్తే?"

"కులం కాదు సార్, భాష."

"పేపరోళ్ళకి ఆ తేడా నువ్వు చెప్తావా?" అని, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అభ్యంతరాలు తీసుకునే రోజు మీ వాళ్ళని వచ్చి చెప్పమను. వింటాం. వినడానికైతే రూలుంది" అన్నాడు.

అభ్యంతరాలు వినే రోజు మీటింగ్ హాలు నిండింది. ఎక్కువమంది వచ్చింది రోడ్డు వెడల్పులో తమ స్థలాలు పోతున్నాయనే గొడవతో. వాళ్ళదే సగం రోజు పట్టింది. మా వాళ్ళ వంతు వచ్చేసరికి ఫ్యాన్ల కింద అందరూ కునికిపాట్లు పడుతున్నారు. తాండా పెద్దమనిషిని మేము నాయక్ అంటాం. ఆయన తెల్ల పంచె, తలపాగాతో లేచి నిలబడి గోర్ బోలిలో మొదలుపెట్టాడు. తెలుగు రాక కాదు. మిరపకాయల బేరం ఆయన తెలుగులో చేస్తుంటే వ్యాపారులే వెనక్కి తగ్గుతారు. హాల్లో కొందరు నవ్వారు. అధికారి నా వైపు చూశాడు.

"ఏమంటన్నాడమ్మా? నువ్వే చెప్పు."

నేను ఆఫీసు మనిషిని. ఆ క్షణంలో ఎటువైపు నిలబడాలో తెలియక రెండు కుర్చీల వరసల మధ్య నిలబడ్డాను. ఆయన ఒక మాట చెప్పి ఆగుతున్నాడు, నేను తెలుగులో చెబుతున్నాను.

"ఇల్లు ఎక్కడిచ్చినా కట్టుకుంటాం అంటున్నారు. రాళ్ళల్లో ఇచ్చినా కట్టుకుంటాం. కానీ పక్కింట్లో మా మాట వినపడాలి. బిడ్డ ఏడిస్తే పక్కింటామె మా మాటలో ఊరుకోబెట్టాలి. ముందర ఇచ్చిన కాలనీలో మా పిల్లలు మా మాట మర్చిపోయారు. ఇల్లిచ్చినందుకు దండం పెడతాం. ఇంకోసారి అట్లా ఇవ్వొద్దంటున్నారు."

వెనక వరస నుంచి ఒకామె లేచింది. బస్టాండు ముందు దోసెల బండి నడుపుతుంది. నేనూ అప్పుడప్పుడు ఆమె దగ్గర తింటాను.

"నాదొక మాట సార్. వాళ్ళకి భాషుంది, అందరం ఒకచోట ఉంటామని అడుగుతన్నారు. మాకేముంది అడగడానికి? పెళ్ళయిన కాడ్నించి కిరాయి కొంపలు మారతానే ఉన్నా. బండి వాకిట్లో పెట్టొద్దంటే మారాల, నీళ్ళు ఎక్కువ వాడతన్నారంటే మారాల. ఇప్పుడు వాళ్ళకి మంచి వరస తీసి పక్కన పెట్టి, మిగిలింది మా మొహాన పారేస్తారా?"

ఆమె గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది. అది నేను గుర్తుపట్టాను. నాయక్ ఆమె వైపు తిరిగి, ఈసారి తెలుగులోనే అన్నాడు.

"మంచి వరస అడగలేదమ్మే. చిట్టచివరిదైనా మాకు చాలు."

"చివరిది మాకు పడితే?" అంది ఆమె.

అధికారి పై వాళ్ళతో మాట్లాడి వారం తిరక్కుండా ఒక దారి చూపించాడు. వరసలు విడిగా కేటాయించరు, లాటరీ లాటరీగానే జరుగుతుంది. అయితే పట్టాలు చేతికి రాకముందు ఎవరైనా ఇద్దరు ఇష్టపడితే స్థలాలు మార్చుకోవచ్చు. మార్పుల కొలతలు సరిచూసే పని నాకు అప్పజెప్పాడు. "ఇంతకంటే నా చేతుల్లో లేదు. మిగతాది మీరూ మీరూ చూసుకోండి" అన్నాడు.

లాటరీ ఒక కల్యాణ మండపంలో జరిగింది. మా మేనల్లుడికి మెయిన్ రోడ్డు పక్కన మూల స్థలం పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతని భార్యది మాచర్ల అవతల తాండా, బట్టలు బాగా కుడుతుంది. చంటివాణ్ణి చంకనేసుకుని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "రోడ్డు మీదికి షట్టర్ పెడతానత్తా. ముందర మిషను, ఎనక ఇల్లు" అంది. అంత వెలుగు ఆ పిల్ల ముఖంలో నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

మిగతా తాండా వాళ్ళు చెల్లాచెదురుగా పడ్డారు. చివరి వీధిలో, గుట్ట నుంచి తెచ్చి పోసిన రాతిముక్కల పక్కన మాత్రం మావాళ్ళ స్థలాలు కాస్త దగ్గర దగ్గరగా పడ్డాయి. అందరం అక్కడికే చేరదామన్నాడు నాయక్. ఆ వీధిని ఎవరూ కోరుకోరు కాబట్టి మార్పిడికి జనం తేలిగ్గానే ఒప్పుకున్నారు. సాయంత్రాలు ఆఫీసు అయ్యాక నేను, మేనల్లుడు ఇంటింటికీ తిరిగాం. బడి దగ్గర కావాలన్న వాళ్ళకు బడి దగ్గర, ట్యాంకు దగ్గర కావాలన్న వాళ్ళకు ట్యాంకు దగ్గర ఇచ్చాం. చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. మోకాళ్ళు అప్పటికే నొప్పులు. ఇంటికి వచ్చాక అన్నం వడ్డించుకునే ఓపిక ఉండేది కాదు.

ఆఖరికి చివరి వీధి మధ్యలో ఒక్క స్థలం మిగిలింది. అది దోసెల బండామెది. ఆమె లేకుండా వరస కుదరదు. ఆమె సూటిగా చెప్పింది.

"నేను మారతా. నాకు మెయిన్ రోడ్డు కావాల. బండి పెట్టుకోవాల గందా. ఆ రాళ్ళల్లోకి దోసెలు తినడానికి ఎవరొస్తారమ్మా?"

మెయిన్ రోడ్డు మీద మా వాళ్ళది ఒక్కటే స్థలం ఉంది, మేనల్లుడిది.

మరుసటి ఆదివారం తాండాకు వెళ్ళాను. అన్న ఇంటి ముందు అందరూ కూర్చుని ఉన్నారు. మేనల్లుడు తల వంచుకుని నేల మీద పుల్లతో గీస్తున్నాడు. అతను ఒప్పుకున్నట్టే ఉంది. అతని భార్య ఒప్పుకోలేదు.

"బాస కూడు పెడుద్దా అత్తా?" అంది నన్ను చూడగానే. అది కూడా మా భాషలోనే అంది. "ఎవరికీ పడని స్థలం నాకు పడింది. దేవుడిచ్చింది మీరు తీసేసుకుంటారా? నాయక్ ఇస్తాడా ఆయన ఇల్లు? నువ్వు ఇస్తావా?"

నా దగ్గర ఇవ్వడానికి ఇల్లు లేదు. ఆ మాటే చెప్పాను. "నీ ఇష్టమే అమ్మా. నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. ఎవరూ నిన్ను బలవంతం చెయ్యకుండా మాత్రం చూస్తా." వదిన ఏదో అనబోతే అన్న ఆపాడు.

ఆ పిల్ల లోపలికి వెళ్ళి పిల్లవాడికి పాలిచ్చి చాలాసేపటికి బయటికి వచ్చింది. నా పక్కన అరుగు మీద కూర్చుంది. గొంతు తగ్గించి వాళ్ళక్క సంగతి చెప్పింది. అక్కావాళ్ళు హైదరాబాదులో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. మాచర్ల నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తే అక్క పిల్లలు హలో అని, ఆపైన ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ తల్లి చేతికిచ్చి పారిపోతారట. "మా అమ్మ ప్రతిసారీ నన్నడుగుద్ది, ఆళ్ళకి నామీద కోపమా అని. కోపం కాదమ్మా, మాట రాదు అని ఎట్టా చెప్పేది?"

చీర దులుపుకుని లేచింది.

"ఇస్తా. కానీ నేనే పోయి మాట్లాడతా ఆమెతో. మీరెవరూ నోరు తెరవొద్దు."

ఇద్దరం బస్టాండుకు వెళ్ళాం. దోసెల బండామె పెనం మీద నీళ్ళు చల్లుతోంది. మేనల్లుడి భార్య తెలుగులో, తడుముకోకుండా బేరం పెట్టింది. స్థలం మారుస్తుంది. బదులుగా రోడ్డు వైపు వాకిట్లో తన కుట్టుమిషనుకు చోటివ్వాలి, కిరాయి అడగకూడదు.

"ఏసుకో తల్లీ, ఎవరొద్దన్నారు? నా బండి పక్కన నీ మిషను. నాకూ తోడు" అంది ఆమె. మా ఇద్దరికీ చెరొక దోసె వేసి ఇచ్చింది. తిన్నాం. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటే కారం ఎక్కువైందనుకుని మంచినీళ్ళు అందించింది.

ఇదంతా జరిగి ఇప్పటికి కొన్నేళ్ళయింది. అధికారికి నరసరావుపేట బదిలీ అయింది. తర్వాత వచ్చినాయనకు ఈ మార్పిడి సంగతి ఫైల్లో కొన్ని వాక్యాలు, అంతే. దోసెల బండామె మెయిన్ రోడ్డు స్థలంలో పునాది వరకు లేపింది. ప్రభుత్వం ఇచ్చేది గోడలకు చాల్లేదు, చేతిలో ఉన్నది సిమెంటుకు చాల్లేదు. ఇంకా కిరాయి ఇంట్లోనే ఉంటోంది. వాకిలే లేదు కాబట్టి అక్కడ మిషనూ లేదు. ఆమె మాట తప్పలేదు, నిలబెట్టుకోవడానికి ఇల్లు లేదు. మేనల్లుడి భార్య చివరి వీధిలో తన గదిలోనే కుడుతుంది. అంత దూరం జాకెట్లు ఇవ్వడానికి వచ్చేవాళ్ళు తక్కువ. ఆ సంగతి నాతో ఎప్పుడూ అనదు. అనదని నాకు తెలుసు కాబట్టి నేనూ అడగను.

వరస పూర్తిగా నిండలేదు. కొందరు పునాదుల దగ్గరే ఆగిపోయారు. ఒక కుటుంబం పని కోసం గుంటూరు వెళ్ళిపోయింది. ఉన్న ఇళ్ళల్లో పిల్లలు బడి నుంచి వచ్చాక సగం తెలుగు, సగం మా మాట కలిపి మాట్లాడతారు. తాండా చుట్టూ ఆర్చీల వెనక ఇప్పుడు నిజంగానే ఇళ్ళు లేస్తున్నాయి. నాకు రిటైర్మెంట్ దగ్గర పడింది. మాస్టర్ ప్లాన్ మళ్ళీ ఎప్పుడు వేస్తారో, అప్పుడు ఎవరు ఎవరిని అడుగుతారో నాకు తెలియదు. అడిగే ఓపిక నాకు మిగల్లేదు.

మొన్న ఆదివారం మేనల్లుడి ఇంటికి వెళ్ళేసరికి వీధిలో పెద్ద గొడవ. పక్కింటి స్నానాల నీళ్ళు తమ వాకిట్లోకి వస్తున్నాయని మేనల్లుడి భార్య, మీ గోడే ముందుకు జరిగిందని పక్కింటి కోడలు. ఇద్దరూ చేతులు ఊపుతూ, ఒకరి పుట్టింటివాళ్ళను ఒకరు తిట్టుకుంటున్నారు. తిట్లన్నీ గోర్ బోలిలోనే. కొన్ని నేను మా అమ్మ పోయాక మళ్ళీ విననివి. మేనల్లుడి కొడుకు గడప మీద నిలబడి నోరు తెరుచుకుని వింటున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు, న్యాయం చెప్పమని.

"నువ్వు కొలతల మనిషివి గదా అత్తా, నువ్వే చూడు" అంది మేనల్లుడి భార్య.

చెప్పులు విడిచి, వంగి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూశాను. తప్పు ఇద్దరిదీ కాదు. వీధి పల్లం ఇటువైపు ఉంది. రెండు ఇళ్ళ మధ్య చిన్న కాలవ తవ్వి రాళ్ళగుట్ట వైపు వదిలితే సరిపోతుంది. గడ్డపార తెమ్మన్నాను. నడుము పట్టేసింది, అయినా కాలవ ఎక్కడ తవ్వాలో చూపించడానికి ఒక గీత గీశాను. మిగతాది వాళ్ళిద్దరూ తిట్టుకుంటూనే తవ్వుకున్నారు.